కుట్టేసిన పేజీ

శేషప్ప కథల ముగింపు ముందే చెప్పేస్తాడు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. ఆదోని మార్కెట్ యార్డులో బస్తాలు కుట్టేవాళ్ళందరికీ తెలిసిన సంగతే. బసన్నకు ఇరవై రెండేళ్ళుగా తెలుసు.

ఆ పొద్దున కూడా ఇద్దరూ ఒకే కుప్ప దగ్గర కుడుతున్నారు. వేరుశనగ బస్తాలు. బసన్న బస్తా మూతిని రెండు చేతులతో దగ్గరికి లాగాడు. మూలన గోనెను మెలిపెట్టి చెవిలా తిప్పి, దబ్బనం దింపి, పురికొసను మోచేతి దాకా లాగి బిగించాడు. అరవై మూడేళ్ళ మనిషి. పొట్టిగా, మెడ లేనట్టు ఉంటాడు. కుడి చూపుడువేలికి పురికొస ఒరుసుకుని ఒక గాడి పడింది. బొటనవేలి గోరు ఆముదపు గింజలా నల్లబడి మందమెక్కింది. కళ్ళద్దాలకు ఒక పక్క కాడ లేదు. దాని స్థానంలో కూడా పురికొసే.

రెండు బారల అవతల శేషప్ప. బసన్నకంటే మూడేళ్ళు పెద్ద. పొడుగ్గా, సన్నగా, ముందుకు వంగి ఉంటాడు. అతనిది ఎమ్మిగనూరు. నేసేవాళ్ళ ఇల్లు. మగ్గం కూడు పెట్టడం మానేశాక రోజూ బస్సెక్కి వచ్చి బస్తాలు కుడుతున్నాడు. మగ్గం దిగి ఇన్నేళ్ళయినా కుడికాలు మాత్రం ఇంకా తొక్కుతూనే ఉంటుంది. బస్తా కుడుతున్నంతసేపూ ఆ పాదం నేలమీద లేచి పడుతుంటుంది. చూస్తే బసన్నకు ఒళ్ళు మండుతుంది. కుట్టుకు మాత్రం వంక పెట్టలేడు. శేషప్ప కుట్టు గీత గీసినట్టు ఉంటుంది. పురికొస చివర గోనెలు కుట్టేవాళ్ళ గంటుముడి వెయ్యడు. మగ్గం మీద తెగిన దారానికి వేసే సన్నని ముడి వేస్తాడు.

"ఈరమ్మా, పురికొస ఐపోయిందని ఆ యప్పకు సెప్పు," అన్నాడు బసన్న.

ఈరమ్మ కింద రాలిన కాయలు ఊడ్చే మనిషి. ఆమె తలెత్తకముందే శేషప్ప తన పక్కనున్న ఉండను కాలితో నెట్టాడు.

"ఇదో, తీసుకోమను ఈరమ్మా."

ఉండ దొర్లి బసన్న కాలికి తగిలింది. ఈరమ్మ చీపురు నేలకేసి కొట్టింది.

"మీ ఇద్దరి నడుమ నా కొంగు పరిస్తే సరిపోతాది. ఎనిమిదేండ్లనించి మీ మాటలు మోస్తాండా. నాకు పించనేమన్నా ఇప్పిస్తారా అప్పా?"

ఇద్దరూ తలో బస్తా ముందుకు లాక్కున్నారు.

వారపత్రికలు వచ్చే రోజుల్లో గురువారం వచ్చిందంటే బసన్నకు గుబులు పుట్టేది. శేషప్ప ఎమ్మిగనూరు బస్టాండులో పత్రిక కొని బస్సులో చదువుతూ వచ్చేవాడు. మొదటి నుంచి చదివే అలవాటు లేదు. చివరి పేజీ ముందు. చివర బాగుంటేనే మొదలు చదువుతాడట. యార్డులోకి అడుగు పెట్టేసరికి ఎవరు చచ్చారో, దొంగ ఎవరో, ఏ పిల్ల ఎవరిని కాదన్నదో అన్నీ అతని నోట్లో సిద్ధంగా ఉండేవి. నోరు ఆగేది కాదు.

బసన్న పత్రిక కొనడు. సాయి కటింగ్ షాపులో పదిమంది చేతుల్లో నలిగిన పత్రిక శనివారం సాయంత్రానికి అతని దగ్గరికి వచ్చేది. గురువారం నుంచి శనివారం దాకా అతను చెవుల్లో దూది కుక్కుకుని కుట్టేవాడు. ఆదోనిలో దూదికి కరువు లేదు. శేషప్ప గొంతు దూదిని కూడా దాటుకుని వచ్చేది.

"బసన్నా, ఆ జాబు రాసింది అయివారు కాదప్పా. ఆయప్ప పెండ్లామే."

ఆ వారం కథ అక్కడితో సరి. శనివారం చదివినా ఏముంటుంది?

బసన్న చదివే తీరు వేరు. చిప్పగిరి బడిలో ఐదో తరగతి దాకా చదివాడు. కన్ను ముందుకు పరుగెత్తకుండా అయివారు ప్రతి పిల్లవాడి చేత చదివే వాక్యం కింద అట్టముక్క పెట్టించేవాడు. ఆ అలవాటు బసన్న వదల్లేదు. మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద రొట్టె తిని, చేతులు కడుక్కుని, వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకుని, అట్టముక్క తీస్తాడు. బొమ్మ ఉంటే అరచేత్తో మూస్తాడు. బొమ్మలు వేసేవాళ్ళు కూడా శేషప్పలాంటివాళ్ళే. రోజుకు ఒకటే కథ. రెండోది చదివితే మొదటిది కడుపులో ఇమడదు.

రాసేవాళ్ళను కూడా అతను తేలిగ్గా వదలడు. మూడో వాక్యానికే ఆకాశాన్ని పొగిడేవాడి కథ అక్కడే మూసేస్తాడు. చివర బుద్ధి చెప్పేవాడి ఆఖరి పేరా మీద దబ్బనంతో అడ్డంగా గీస్తాడు. ఏమీ జరగని కథలంటే ఇష్టం. ఒక ముసలమ్మ గుమ్మడికాయ నెత్తిన పెట్టుకుని కూతురింటికి పోయే బస్సు కోసం నిలబడుతుంది. బస్సు రాదు. గుమ్మడికాయ దించదు. కథ అంతే. దాన్ని అతను పదకొండుసార్లు చదివాడు. పదకొండుసార్లూ మెడ లాగింది. ఇంకొకటి రైల్వే గేటు కాపలావాడిది. అతని పచ్చజెండా చిరిగితే భార్య తన రవికెగుడ్డతో అతుకు వేస్తుంది. ఆమె పోయాక కొత్త జెండా వస్తుంది. అతను రైళ్ళకు పాతదే చూపిస్తాడు. అది చదివి వినిపించిన సాయంత్రం భీమమ్మ పెనం మీద రొట్టె మాడబెట్టింది. మంచి కథకు అంతకంటే రుజువు ఏం కావాలి?

నచ్చిన కథలను పత్రికల్లోంచి చించి, పదిహేనో ఇరవయ్యో పోగయ్యాక, సిమెంటు సంచి కాగితాన్ని అట్టగా వేసి కుట్టుకునేవాడు. బస్తా కుట్టే కుట్టే, అదే పురికొస. అలాంటి పుస్తకాలు మూడున్నాయి. మూడోది ఎప్పుడూ రొట్టెల సంచిలోనే ఉంటుంది. నాలుగోది కుట్టే పని పడలేదు. వారపత్రికలు ఒకటొకటే ఆగిపోయాయి. యార్డులో ఇప్పుడు అందరూ ఫోనులు చూసుకుంటారు. ఒక నిమిషంలో ముగిసిపోయేదాన్ని చూసి మరుసటి నిమిషానికి మరిచిపోతారు. చెప్పి చెడగొట్టడానికి కూడా అందులో ఏమీ ఉండదు.

భీమమ్మ బసన్న భార్య. జిన్నింగ్ మిల్లులో పత్తిలోని చెత్త ఏరేది. చదువు రాదు. సాయంత్రం అతను చదువుతుంటే రొట్టెలు తడుతూ వినేది. కథ అయిపోయిందంటే ఆమె ఎప్పుడూ ఒప్పుకోలేదు.

"ఆ తర్వాత?"

"తర్వాత ఏం లేదు. ఐపోయింది."

"యెట్ల ఐపోతాది? బస్సు రాకపాయె. ఆ ముసిలామె రాత్రికి యాడ పండుకుంటాది?"

"నాకేం తెలుసు?"

"సదివింది నువ్వే కదా. నీకి తెల్వకుంటే ఇంకెవురికి తెలుసు?"

ముప్పై ఏళ్ళు ఆ ప్రశ్నతో వేగాడు. ఇప్పుడు ఏ కథ ముగిసినా చెవి ఆ ప్రశ్న కోసం ఆగుతుంది. అది ఇంకా పెద్ద విసుగు.

మిల్లు దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి ఆమె మంచాన పడిన నెలలోనే ఎనుము కథ దొరికింది. పాలిచ్చే గేదె తప్పిపోతే ఒక ఆడమనిషి పలుపుతాడు భుజాన వేసుకుని దాన్ని వెతుక్కుంటూ ఊరూరూ తిరుగుతుంది. ఏడు పేజీలు. భీమమ్మ పుట్టిల్లు మద్దికెర. చిన్నప్పుడు ఎనుములు కాసిన మనిషి. కథ మొదలుపెట్టగానే లేచి గోడకు ఆనుకుని కూర్చుంది.

బసన్న అప్పటికే చివరిదాకా చదివి ఉన్నాడు. ఎనుము దొరకదు. ఆమె ఇంటికొచ్చి, పలుపును ఖాళీ గుంజకు కట్టి, రోజూ పోసినట్టే కుడితితొట్టిలో నీళ్ళు పోస్తుంది. అంతటి ముగింపు అతను ముందూ చదవలేదు, తర్వాతా చదవలేదు. అయితే దాన్ని భీమమ్మకు చదివి వినిపించలేడు. "ఆ తర్వాత?" అని ఆమె అడిగితే చెప్పడానికి ఏముంది?

అందుకని రోజుకు ఒక పేజీ చదివాడు. తర్వాత అర పేజీ. ఆ తర్వాత చదివిందే తిరగేసి చదివాడు.

"ఈ ఊరు నిన్న వచ్చింది," అంది భీమమ్మ.

"ఇది వేరే ఊరు."

"ఆ ఊర్లో కూడా కుంటికుక్కే ఉండాదా?"

అతను పుస్తకం మూశాడు. కథ మిగిలి ఉన్నంతకాలం ఆమె ఉంటుందని అతనికి ఒక నమ్మకం కుదిరింది. ఎవరికీ చెప్పలేదు. ఆ లెక్కన ఇంకా ఒక పేజీ మిగిలి ఉంది.

ఒక మధ్యాహ్నం అతను యార్డులో ఉండగా శేషప్ప ఆమెను చూసి రావడానికి ఇంటికి వెళ్ళాడు. సాయంత్రం బసన్న కాళ్ళు కడుక్కుని పుస్తకం తీస్తే భీమమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"శేషప్పన్న వచ్చినాడు. కథంతా సెప్పినాడు. నువ్వింక సదవాల్సిన పని లేదు."

అంతే అంది. అటు తిరిగి పడుకుంది. మర్నాడు తెల్లారేసరికి ఆమె లేదు.

ఏం చెప్పాడని బసన్న ఎవరినీ అడగలేదు. అడగడానికి ఏముంది? కథకు ముగింపు ఒకటే. ఖాళీ గుంజ, కుడితితొట్టి. దినాలు ముగిశాక ఎనుము కథ చివరి ఆకును దాని ముందు ఆకుతో కలిపి, మూడు అంచులా పురికొసతో కుట్టేశాడు. యార్డుకు తిరిగొచ్చిన రోజు నుంచి శేషప్పతో మాట్లాడలేదు.

పదకొండు గంటలకు శేషప్ప కుట్టడం ఆపి ఒక నిండు బస్తా మీద కూర్చున్నాడు. అరచేత్తో రొమ్ము రుద్దుకున్నాడు. చలికాలం పొద్దు. అతని నొసటి మీద మాత్రం చెమట. ఈరమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది.

"ఏమప్పా, మొగం పాలిపోయింది?"

"ఏం లేదు. బస్సులో నిలబడి వచ్చినా. సీటు యాడ దొరుకుతాది?"

నీళ్ళు తాగి, చెంబు పక్కన పెట్టాడు. చాలాసేపు బసన్న చేతులను చూస్తూ ఉన్నాడు.

"ఈరమ్మా, బసన్నను అడుగు. ఆ ఎనుము కథ ఒకసారి ఇస్తాడేమో. మధ్యాన్నం సదివి ఇచ్చేస్తా. నేను దాన్ని సదవనే లేదు."

బసన్న దబ్బనం గోనెలో సగం దిగి ఆగింది.

"సదవలేదంట," అంది ఈరమ్మ.

"ఇనబడింది." బసన్న తలెత్తలేదు. "సదవకుండా భీమమ్మకు యెట్ల సెప్పినాడో అడుగు."

ఈరమ్మ అటు తిరిగింది. ఆమె అడగనక్కర లేకపోయింది.

"నేను పోయింది చూసొస్తామనే," అన్నాడు శేషప్ప. ఊపిరి కోసం మధ్యమధ్య ఆగుతున్నాడు. "ఆ యమ్మ నా చెయ్యి పట్టుకుంది. అన్నా, ఎనుము దొరికిందా లేదా సెప్పు, మా ఇంటాయన రెండు దినాలనించి అదే ఊర్లో తిప్పుతాండాడు అనింది. నాకేం తెలుసు? ఆ వారం పుస్తకం నాకు దొరకనే లేదు. ఇంట్లో పెండ్లి పని. ఆ యమ్మ మొగం చూసి, దొరికిందమ్మా అని సెప్పినా. ఆ తర్వాత అనింది. ఈనింది, పెయ్యదూడ అని సెప్పినా. ఏం పేరు పెట్టినారు అనింది. గౌరి అని సెప్పినా."

"ఆ తర్వాత?" అంది ఈరమ్మ.

"తర్వాత ఏం అడగలేదు. మంచిదన్నా అని పండుకుంది."

అవతలి కుప్ప దగ్గర ఎవరో బస్తా దించిన చప్పుడు.

"ఇంత మాట ఎనిమిదేండ్లు నోట్లో పెట్టుకుని కూసున్నావా అప్పా?" అంది ఈరమ్మ.

"నేను నోరు తెరిస్తే ఆయన చెవుల్లో దూది పెట్టుకుంటాండె," అన్నాడు శేషప్ప. "కథ చెడగొట్టినానని కోపమేమో అనుకుంటి. అది మామూలే కదా."

భీమమ్మ కళ్ళల్లో ఖాళీ గుంజ పెట్టుకుని పోయిందనుకున్నాడు బసన్న ఇన్నాళ్ళూ. ఆమె పెయ్యదూడను పెట్టుకుని పోయింది. దాని పేరు కూడా తెలుసుకుని పోయింది. అతను అర పేజీ, అర పేజీగా దాచుకున్నదాన్ని ఈ మనిషి చదవను కూడా చదవకుండా నాలుగు అబద్ధాలతో ముగించాడు. ముప్పై ఏళ్ళలో బసన్న ఒక్కసారి కూడా ఆపలేకపోయిన ప్రశ్నను ఆపాడు. దీనికి ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో అతనికి తోచలేదు. కోపం మాత్రం వచ్చింది.

ఎనుము దొరకదు అని ఇప్పుడు చెప్పెయ్యవచ్చు. రెండు మాటలు. ఇరవై రెండేళ్ళకు సరిపడా బదులు. నోరు తెరిచాడు. శేషప్ప ఆ నోటివైపే చూస్తున్నాడు, చిన్నపిల్లవాడు చూసినట్టు. బసన్న నోరు మూసుకున్నాడు.

లేచి వెళ్ళి సంచిలోంచి మూడో పుస్తకం తెచ్చాడు. ఇద్దరి మధ్యనున్న బస్తా మీద పెట్టాడు.

"ఈరమ్మా, ఆ యప్పకు ఇయ్యి. ఆకరి ఆకు కుట్టేసి ఉండాది. యెట్లాగూ ఆడనించే మొదలుపెడతాడు. దబ్బనం ఉండాది కదా, తెంపుకోమను."

మధ్యాహ్నం శేషప్ప తినలేదు. షెడ్డు నీడలో బస్తాల వరుసకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నాడు. బసన్న ఇంకో స్తంభం దగ్గర అటువైపు వీపు పెట్టి కూర్చున్నాడు. రొట్టె, పుంటికూర. నములుతున్నాడు గానీ చెవి వెనకే ఉంది. పురికొస తెగే చప్పుడు వినాలి. ఎండిన పురికొస తెగితే టప్ మంటుంది.

చప్పుడు రాలేదు. కాగితం తిప్పిన చప్పుడు వచ్చింది. కొంతసేపటికి ఇంకోసారి. ఆ తర్వాత చిన్న నవ్వు. కుంటికుక్క దగ్గర నవ్వి ఉంటాడు. అది నాలుగో పేజీ మొదట్లోనే. అక్కడ నవ్వు రాకపోతే వాడు చదవడానికే పనికిరాడు. బసన్న నీళ్ళు తాగి, ఐదో పేజీ కోసం ఎదురుచూశాడు. ఐదో పేజీలో ఆమె చీకట్లో ఎనుము మెడగంట విన్నాననుకుని పరుగెత్తుతుంది. శేషప్ప అక్కడికి రావాలి. ఎంతకీ కాగితం తిరగలేదు. ఒక్క పేజీకి ఇంతసేపా? తోకనుంచి చదివేవాడికి తలనుంచి చదవడం చేతకాదు, ఏం చేస్తాం?

మండీ గుమాస్తా శివశంకర్ వచ్చి పనిలోకి లెమ్మని కేకేశాడు. అందరూ లేచారు.

"శేషప్ప నిద్రపోతాండాడు," అన్నారెవరో.

ఈరమ్మ వెళ్ళి భుజం తట్టింది. మళ్ళీ తట్టింది. తర్వాత అక్కడే కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కథ మధ్యలో లేచి వెళ్ళేవాళ్ళంటే బసన్నకు గిట్టదు. అతనికి మొదట తోచింది అదే.

శివశంకర్ ఎమ్మిగనూరుకు ఫోను చేశాడు. శేషప్ప కూతురు ఇందు ఎత్తినట్టుంది. గుమాస్తా చెప్పిందే మూడుసార్లు చెప్పాడు. పత్తి దించి ఖాళీగా ఉన్న బండి ఒకటి మాట్లాడారు. అడుగున కొత్త గోనెలు పరిచి పడుకోబెట్టారు. బసన్న బండిలోకెక్కి, మోకాలి దగ్గర మడతపడిన కుడికాలును చాపి సరిగ్గా పెట్టాడు. ఆ పాదం కదలకపోవడం అతను చూడటం ఇదే మొదటిసారి. బండి కదిలాక దిగినచోటే కొద్దిసేపు నిలబడి, కుప్ప దగ్గరికి తిరిగొచ్చాడు.

శేషప్ప సగం కుట్టి వదిలిన బస్తా అలాగే ఉంది. మిగతా సగం బసన్న కుట్టాడు. ఎక్కడ చెయ్యి మారిందో చూసినవాళ్ళకు తెలిసిపోతుంది. అయినా విప్పి కుట్టలేదు. సాయంత్రం దాకా శేషప్ప వంతు బస్తాలు కూడా కుట్టాడు.

పొద్దు వాలుతుండగా ఈరమ్మ ఊడుస్తూ వచ్చి పుస్తకం తెచ్చి ఇచ్చింది. బస్తాల సందులో పడి ఉందట. బసన్న దుమ్ము దులిపి తెరిచాడు. చివరి ఆకు చుట్టూ కుట్టు తెగలేదు. ఎనిమిదేళ్ళ కిందట తను వేసిన గంటుముడి, దుమ్ముపట్టి, అలాగే ఉంది. నాలుగో పేజీ దగ్గర, అంచులో, శేషప్ప దబ్బనం గుచ్చి ఉంది.

"మొదటినించీ సదివినాడా?" అంది ఈరమ్మ.

"ఊ."

"ఆ యప్ప యెప్పుడూ అట్ల సదవడు కదన్నా?"

బసన్న దబ్బనం అలాగే ఉంచాడు. పుస్తకం మూశాడు. ఈరమ్మ పోలేదు.

"ఎనుము నిజంగా దొరికిందా అన్నా?"

"శేషప్ప సెప్పినాడు కదా."

"ఆ యప్ప సదవకుండా సెప్పినాడు. సదివినోనివి నువ్వు సెప్పు."

"ఆ యప్ప సెప్పిందే. ఇంక ఈ మాట నా దగ్గర ఎత్తొద్దు."

ఆమె ఎత్తలేదు. తర్వాత యార్డులో ఇంకెవరో ఎత్తబోతే అతను అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోయాడు. దాని గురించి అతను ఇక మాట్లాడడు. ఇంట్లో భీమమ్మ రొట్టెలు తట్టిన మూలన, గూట్లో, సిమెంటు కాగితం అట్టల మధ్య నాలుగో పేజీలో దబ్బనం గుచ్చినట్టే ఉంది. దాని బెజ్జంలోంచి మూరెడు పురికొస బయటికి వేలాడుతోంది. కొసన మగ్గం దారానికి వేసే సన్నని ముడి.